ఊరు పెరిగింది, ఓటు పోయింది: మన బొగ్గు బెల్టులో బల్దియా కథ

మొన్న జుమ్మా నాడు మందమర్రిలో మా ఫుప్పు వాళ్లింట్లో దావత్. దస్తర్‌ఖాన్ మీద బగారా, దాల్చా వడ్డించారు. మంచిర్యాల నుంచి వెళ్లిన మేము నలుగురం తింటున్నంతసేపూ బల్దియా ఎన్నికల ముచ్చటే మాట్లాడుకున్నాం. ఏ డివిజన్ ఎవరికి రిజర్వ్ అయింది, ఎవరికి టికెట్ వస్తుంది, ఎవరు రెబెల్‌గా నిలబడతారు అని.

మా ఫుప్పా ముప్ఫై ఏండ్లకు పైగా సింగరేణిలో బాయి దిగి రిటైరైన మనిషి. అంతా విని, చేతులు కడుక్కుని వచ్చి కూర్చుంటూ సగం ఉర్దూలో, సగం తెలుగులో ఒక మాటన్నాడు. "మీరు మాట్లాడుకోండి బేటా. మాకేముంది? నా పోతాకు పాతికేండ్లు దాటినయి. ఎమ్మెల్యేకు ఓటేసిండు, ఎంపీకి ఓటేసిండు. కౌన్సిలర్ అంటే ఎట్లుంటడో వాడు ఇప్పటిదాకా చూడలే."

మందమర్రి మాకు కొత్త ఊరు కాదు. మంచిర్యాలలో బస్సెక్కితే అరగంటలో దిగిపోతాం. అక్కడ బల్దియా ఉంది, దానికి బోర్డు ఉంది, కమిషనర్ ఉన్నాడు, ఇంటి పన్ను వసూలవుతుంది. లేనిది ప్రజలు ఎన్నుకున్న కౌన్సిలే. దశాబ్దాలుగా లేదు. ఈ సంగతి తెలిసి కూడా మేము ఆ ఇంట్లో కూర్చుని మా టికెట్ల గురించే మాట్లాడుకున్నామని తిరుగు దారిలో సిగ్గనిపించింది. ఈ వ్యాసం ఆ సిగ్గులోంచి వచ్చింది.

నేను ఉర్దూ మీడియంలో చదువుకునేటప్పుడు పౌరశాస్త్రాన్ని 'షెహ్రియత్' అనేవాళ్లు. అందులో ఒక పాఠం పేరు 'మఖామీ ఖుద్ ఇఖ్తియారీ హుకూమత్'. పరీక్ష కోసం బట్టీ కొట్టాను గానీ అర్థం ఆలోచించలేదు. తర్వాత తెలుగులో డిగ్రీ చదువుతుంటే అదే సంగతి 'స్థానిక స్వపరిపాలన' అని కనిపించింది. రెండు జబాన్లలోనూ బరువంతా ఒకే చోట ఉంది: ఖుద్, స్వ. ఊరి ఇఖ్తియార్ ఊరి చేతిలో ఉండాలని. ఓటు వేయడాన్ని ఉర్దూలో 'రాయ్ దహీ' అంటారు. అంటే రాయ్ ఇవ్వడం, అభిప్రాయం చెప్పడం. అడిగేవాడు లేకపోతే రాయ్ ఇచ్చేదెవరికి?

బల్దియా అనే మాట అరబీలోని 'బలద్' నుంచి వచ్చింది. బలద్ అంటే నగరం. ఖురాన్ షరీఫ్‌లో 90వ సూరా పేరు కూడా అల్-బలద్. హైదరాబాద్ రియాసత్‌లో ఈ మాట దఫ్తర్లలోకి ఎక్కి, అక్కడి నుంచి తెలుగు నోళ్లలోకి వచ్చి, ఇప్పుడు వరంగల్ నుంచి ఆదిలాబాద్ దాకా హిందువూ ముస్లిమూ అందరూ బల్దియా అనే అంటారు. మాట మనది, అందరిదీ. మరి ఆ మాట వెనకున్న ఇఖ్తియార్ ఎవరిది? తారీఖ్ చూస్తే చాలాకాలం అది అఫ్సర్లదే.

మొదటి సాలార్ జంగ్ దీవాన్‌గా ఉన్న రోజుల్లో, 1869లో, హైదరాబాద్‌కు మున్సిపల్ ఇంతెజాం మొదలైంది. రోడ్లు, దీపాలు, సఫాయి చూసుకునే సర్కారీ ఖాతా అది. చాదర్‌ఘాట్ కొన్నాళ్లు వేరే బల్దియాగా నడిచింది. 1933లో రెండింటినీ కలిపి, చట్టం చేసి, కార్పొరేషన్ అన్నారు. 1934లో మొదటిసారి ఎన్నికలు జరిగాయి. ఎనిమిదేండ్లు తిరగకుండానే, 1942లో, పరిపాలన సరిగా లేదని ఆ హోదా తీసేశారు. 1950లో మళ్లీ కార్పొరేషన్ వచ్చింది. ప్రజల కుర్చీ వేయడం, తీయడం, మళ్లీ వేయడం అనే ఆట అప్పుడే మొదలైంది.

జిల్లాల్లో ఆ మాత్రం కూడా లేదు. భూమి శిస్తు మీద రూపాయికి ఒక అణా లోకల్ సెస్ వసూలు చేసి దాంతో రోడ్లు, బావులు, బడులు చూసేవాళ్లు. ఆ డబ్బు ఖర్చు చేసే బోర్డులు ఉండేవి. కాని జిల్లా బోర్డుకు సదర్ ఎవరంటే అవ్వల్ తాలూక్‌దారే, అంటే నేటి కలెక్టరే. మన ఇలాకా అప్పుడు సిర్పూర్-తాండూరు. 1905లో ఆదిలాబాద్ జిల్లా అయింది. మంచిర్యాల లక్షెట్టిపేట తాలూకాలో ఒక ఊరు మాత్రమే. 1920ల చివర కాజీపేట-బల్లార్షా రైలు దారి పూర్తయ్యాక స్టేషన్ చుట్టూ బజారు పెరిగింది, బొగ్గు బాయిలు పెరిగాయి. మన దాదాలు, పర్‌దాదాలు చాలామంది అట్లా బొగ్గు వెంట వచ్చినవాళ్లే.

నిజాం జమానా అంటే మనలో కొందరికి నోస్టాల్జియా, ఇంకొందరికి కోపం. నేను రెండూ పక్కన పెట్టి ఒక్క సంగతి చెబుతాను. సఫాయి, నీళ్లు, అస్పతాల్ విషయంలో మంచి అఫ్సర్లు ఆ కాలంలో ఉన్నారు. మంచి ఇంతెజాం వేరు, ఖుద్ ఇఖ్తియారీ వేరు. మొదటిది దయ. రెండోది హఖ్.

ఆజాదీ తర్వాత హఖ్ కాగితం మీదికి వచ్చింది. హైదరాబాద్ రాష్ట్రంలో 1951లో మున్సిపల్, టౌన్ కమిటీల చట్టం, 1956లో జిల్లా మున్సిపాలిటీల చట్టం, ఆంధ్రప్రదేశ్ అయ్యాక 1965 చట్టం వచ్చాయి. కాని తాలూక్‌దార్ అలవాటు పోలేదు, పేరు మార్చుకుంది. దాన్నే స్పెషల్ ఆఫీసర్ అంటున్నాం. హైదరాబాద్ వంటి షహర్‌లోనే 1970 నుంచి 1986 దాకా ఎన్నికైన కార్పొరేషన్ లేదు. 1986లో ఎన్నికలు జరిగాయి, 1991లో గడువు ముగిసింది, మళ్లీ 2002 దాకా స్పెషల్ ఆఫీసర్లే.

ఈ రోగానికి దవా అనే 74వ రాజ్యాంగ సవరణ తెచ్చారు. 1993 జూన్ 1 నుంచి అది అమల్లో ఉంది. బల్దియాకు ఐదేండ్ల గడువు, గడువు తీరకముందే కొత్త ఎన్నిక, మధ్యలో రద్దయితే ఆరు నెలల్లో ఎన్నిక, ఎన్నికలు జరపడానికి రాష్ట్ర ఎన్నికల సంఘం, మహిళలకు మూడో వంతుకు తగ్గకుండా సీట్లు. 2006లో సుప్రీంకోర్టు కిషన్‌సింగ్ తోమర్ కేసులో ఈ ఐదేండ్ల గడువును రాష్ట్రాలు దాటరాదని గట్టిగానే చెప్పింది. అయినా 2010లో గడువు తీరిన మన బల్దియాలకు 2014 మార్చి 30న గానీ పోలింగ్ జరగలేదు. 2020 జనవరిలో ఎన్నికైన కౌన్సిళ్ల గడువు 2025 జనవరిలో తీరితే మళ్లీ ఏడాదిపాటు స్పెషల్ ఆఫీసర్లు కూర్చున్నారు.

మన మస్జిద్ కమిటీ ఎన్నిక రెండు నెలలు లేటైతే అసర్ నమాజ్ తర్వాత ఎంత బహస్ జరుగుతుందో మీకు తెలుసు. బల్దియా ఎన్నిక నాలుగేండ్లు లేటైతే మన మొహల్లాలో ఎవరైనా నోరెత్తారా? నేనూ ఎత్తలేదు. అందుకే అడుగుతున్నాను.

ఇక మందమర్రి దగ్గరికి వద్దాం. అక్కడిది ఆలస్యం కథ కాదు. దాని జడ జోడేఘాట్‌లో ఉంది.

1940లో జోడేఘాట్ కొండల్లో కుమ్రం భీమ్ నిజాం ఫౌజు తూటాలకు బలయ్యాడు. జల్, జంగల్, జమీన్ అని ఈ రోజు మనం తలుచుకునే లడాయి అది. సర్కార్‌కు అప్పుడు బుద్ధి వచ్చి గోండుల హాల్ తెలుసుకోవడానికి హైమన్‌డార్ఫ్ అనే పరిశోధకుడిని పంపింది. 1356 ఫస్లీ, అంటే 1946లో, ఆదివాసీ ప్రాంతాల కోసం ప్రత్యేక రెగ్యులేషన్ వచ్చింది. రాజ్యాంగం వచ్చాక ఐదో షెడ్యూల్ కింద, 1950 ఉత్తర్వుతో, ఆదిలాబాద్ జిల్లాలో చాలా ఊళ్లు షెడ్యూల్డ్ ప్రాంతమయ్యాయి. భూమి చేతులు మారకుండా 1959 రెగ్యులేషన్‌ను 1970లో ఇంకా బిగించారు. మనందరికీ నోటికొచ్చిన 'వన్ ఆఫ్ సెవెంటీ' అదే.

మందమర్రిలో ఇల్లు కట్టుకుని పట్టా లేక తిప్పలు పడుతున్న మన కుటుంబాలు చాలా ఉన్నాయి. వాళ్ల బాధ నాకు తెలుసు. అయినా ఆ చట్టం మీద కోపం తెచ్చుకోవడం ఇన్సాఫ్ కాదు. గిరిజనేతరుల చేతుల్లోకి భూమి పోకుండా కాపాడటానికి రక్తం చిందాక వచ్చిన చట్టం అది. మనం బొగ్గు వెంట వచ్చాం, వాళ్లు అంతకుముందు నుంచే ఉన్నారు.

చిక్కు భూమి చట్టంలో లేదు. 74వ సవరణతో వచ్చిన భాగంలోని 243జెడ్‌సి అధికరణంలో ఉంది. షెడ్యూల్డ్ ప్రాంతాలకు ఈ భాగం దానంతటది వర్తించదని, పార్లమెంటు తగిన మార్పులతో చట్టం చేసి అక్కడికి విస్తరించవచ్చని అది చెబుతుంది. పంచాయతీల విషయంలోనూ ఇదే షరతు ఉండేది. పార్లమెంటు 1996లో పెసా చట్టం చేసి దాన్ని తీర్చింది. బల్దియాల కోసం 2001లో ఒక బిల్లును రాజ్యసభలో పెట్టారు. స్టాండింగ్ కమిటీ దాకా పోయింది. చట్టం మాత్రం కాలేదు.

దీని నతీజా చూడండి. మందమర్రి గ్రామ పంచాయతీగా ఉన్నప్పుడు దానికి సర్పంచ్ ఉండేవాడు. ఊరు పెరిగింది, జనం పెరిగారు, బల్దియా చేశారు. బల్దియా అయినందుకే ఎన్నిక పోయింది. భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో మణుగూరుదీ ఇదే హాల్. అదీ బొగ్గు ఊరే. పక్కనే రామకృష్ణాపూర్ ఉంది. అది క్యాతనపల్లి బల్దియా కింద ఉంది, 2020లో అక్కడ కౌన్సిలర్లను ఎన్నుకున్నారు. ఒకే కంపెనీ, ఒకే షిఫ్టు, ఒకే బజారు. ఒకాయనకు కౌన్సిలర్ ఉంటాడు, ఇంకొకాయనకు ఉండడు.

ఇందులో ఆదివాసీకి దక్కిందేమిటి? అతని కోసమే ఈ మినహాయింపు అంటారు. పల్లెలో ఉన్న ఆదివాసీకి పెసా కింద గ్రామసభ ఉంది. మందమర్రి బల్దియాలో ఉన్న ఆదివాసీకి గ్రామసభా లేదు, కౌన్సిలూ లేదు. అతని పేరు మీద ఆగిన ఎన్నిక అతనికి కూడా ఏమీ ఇవ్వలేదు. కాబట్టి మనం అడగాల్సింది 'వన్ ఆఫ్ సెవెంటీ తీసేయండి' అని కాదు. ఆదివాసీల సీట్లకు, వాళ్ల హుకూఖ్‌కు హామీ ఇస్తూ బల్దియా ఎన్నికలకు దారి తెరిచే చట్టం చేయండి అని. అది ఆదివాసీ సంఘాలతో కలిసి అడగాల్సిన సవాల్.

ఇన్నేండ్లు ఈ లోటు ఎందుకు కనబడలేదంటే బొగ్గు బెల్టులో కంపెనీయే బల్దియాగా ఉంది. క్వార్టర్, నీళ్లు, కరెంటు, దవాఖానా, కాలనీలో సఫాయి, అన్నీ సింగరేణివే. 1990 ప్రాంతంలో లక్ష మందికి పైగా కార్మికులున్న కంపెనీలో ఇప్పుడు నలభై వేల దగ్గర ఉన్నారు. రిటైరైతే క్వార్టర్ ఖాళీ చేయాలి. అప్పుడు కంపెనీ నల్లా ఆగిపోతుంది, బల్దియా నల్లా కావాలి. కంపెనీ మోరీ దాటి బస్తీ మోరీ దగ్గరికి వస్తాం. ఆ మోరీ గురించి అడగడానికి పోతే అక్కడ ఎన్నికైనవాడు లేడు.

ఇంకో అజీబ్ సంగతి. ఇదే బొగ్గు బెల్టు జమ్హూరియత్‌లో దేశానికి సబఖ్ చెప్పింది. 1998లో సింగరేణిలో సీక్రెట్ బ్యాలెట్ మీద గుర్తింపు సంఘం ఎన్నికలు మొదలయ్యాయి. యూనియన్ల మధ్య గొడవలతో రోజూ సమ్మెలు నడిచిన చోట, ఎవరు మా నుమాయిందానో మేమే తేలుస్తామని కార్మికులు క్యూలో నిలబడ్డారు. 2023 డిసెంబర్ 27న ఏడోసారి కూడా అట్లాగే ఓటేశారు. మా ఫుప్పా ఆ మొదటి ఎన్నికలో ఓటేసిన మనిషి. జీతం గురించి, బోనస్ గురించి మాట్లాడే నాయకుడిని ఎన్నుకోవడానికి సరిపోయిన అఖల్, ఇంటి ముందు మోరీ గురించి మాట్లాడేవాడిని ఎన్నుకోవడానికి సరిపోదా?

ఇప్పుడు ఓటు ఉన్న మన సంగతి. 2025 మొదట్లో మంచిర్యాల కార్పొరేషన్ అయింది. నస్పూర్ బల్దియాను, హాజీపూర్ మండలంలోని కొన్ని ఊళ్లను కలిపేశారు. కార్పొరేషన్, మేయర్, డివిజన్ అని వినడానికి బాగుంది. లెక్క చూడండి. మంచిర్యాలలో 36, నస్పూర్‌లో 25, రెండూ కలిపి 61 వార్డులుండేవి. ఊళ్లలో సర్పంచులు, వార్డు మెంబర్లు వేరే. ఇప్పుడు అన్నీ కలిపి 60 డివిజన్లు. ఊరు పెద్దదైంది, నుమాయిందాలు తగ్గారు. నిన్నటిదాకా సర్పంచ్ ఇంటి తలుపు తట్టిన మనిషి రేపు పెద్ద డివిజన్‌లో ఒక మూలన ఉంటాడు. మందమర్రిలో ఓటే పోయింది, ఇక్కడ ఓటు పలచబడింది.

దీనికి మందు 2019 తెలంగాణ మున్సిపాలిటీల చట్టంలోనే ఉంది. ప్రతి వార్డుకూ నాలుగు కమిటీలు వేయాలి: యువకులది, మహిళలది, బుజుర్గులది, పేరున్న పౌరులది. ఒక్కో దాంట్లో 15 మంది. అంటే ఒక వార్డులో 60 మంది కూర్చుని మోరీలు, దీపాలు, చెత్త గురించి మాట్లాడవచ్చు. మీ వార్డు కమిటీలో ఎవరున్నారో మీకు తెలుసా? ఎప్పుడు కూర్చున్నారో తెలుసా? అదే చట్టం కలెక్టర్ చేతికి కూడా పెద్ద ఇఖ్తియార్లే ఇచ్చింది. కమిటీలు కూర్చోకపోతే మిగిలేది అవ్వల్ తాలూక్‌దారే.

మన ముస్లింలకు ప్రత్యేకంగా ఒక మాట. ప్రతి ఎన్నిక తర్వాతా మన బస్తీల్లో కో-ఆప్షన్ కోసం పరుగులు చూస్తుంటాను. మైనారిటీల కోసం చట్టంలో ఆ సీటు ఉంది, మంచిదే. కాని కో-ఆప్షన్ మెంబర్ మాట్లాడగలడు, చేయెత్తి ఓటేయలేడు. మేయర్ ఎన్నికలోనూ, బడ్జెట్ పాసయ్యేటప్పుడూ అతని చేయి లెక్కలోకి రాదు. అది మెహమాన్ కుర్చీ. ఆ కుర్చీ కోసం ఒక డివిజన్ ఓట్లన్నీ గుండుగుత్తగా ఎవరికో అప్పజెప్పే బదులు, మనలో నుంచి పనిచేసే ఒక అబ్బాయినో అమ్మాయినో పక్క ఇంటి హిందూ సోదరులతో కలిసి నిలబెట్టి గెలిపించుకోవడం మేలు. గెలవకపోయినా పర్వాలేదు, ఓటు ఎవరికి వేసినా సవాళ్లు మాత్రం మనవి ఉండాలి.

ఏ సవాళ్లు? 2022 జూలైలో గోదావరి పోటెత్తినప్పుడు రాళ్లవాగు వెనక్కి తన్ని కాలనీలు మునిగాయి. బట్టలు, బియ్యం, పిల్లల సర్టిఫికెట్లు నీళ్లపాలైన ఇండ్లను రిపోర్టర్‌గా నా కండ్లతో చూశాను. వాగు పక్కన ఇండ్లకు పర్మిషన్ ఇచ్చేదెవరు, వరద కాలువకు బడ్జెట్‌లో ఎంత పెట్టారు, వార్డు కమిటీ ఎన్నిసార్లు కూర్చుంటుంది, కొత్తగా కలిసిన ఊళ్లకు ఇంటి పన్ను ఎంత పెరుగుతుంది? ఇంటికొచ్చిన ప్రతి క్యాండిడేట్‌ను ఈ నాలుగు అడగండి. జవాబు రాసుకోండి. ఆడవాళ్లు అడగండి, నీళ్ల తిప్పలు మీకే ఎక్కువ తెలుసు. చీర, సారా, నోటు ఇచ్చి పోయేవాడు ఐదేండ్ల సవాళ్లను ఒక్క రాత్రిలో కొనుక్కుని పోతున్నాడని పిల్లలకు కూడా చెప్పండి.

మన దీన్‌లో మష్వరాకు ఉన్న దర్జా మీకు నేను చెప్పనక్కర్లేదు. హజ్రత్ ఉమర్ రజియల్లాహు అన్హు తన తర్వాత ఖలీఫా ఎవరో తానే తేల్చేయకుండా ఆరుగురి షూరాకు అప్పగించారు. రాయ్ అడగడం అంత పెద్ద పని, రాయ్ ఇవ్వడం అమానత్.

పోలింగ్ నాడు నేను ఓటేసి మందమర్రి పోతాను. ఫుప్పాకు సిరా గుర్తు చూపించడానికి కాదు. పార్లమెంటు సభ్యుడికి ఒక దరఖాస్తు రాశాను, 2001 నాటి ఆ బిల్లును మళ్లీ తీసుకురమ్మని. మొదటి దస్తఖత్ ఆయనది పెట్టిద్దామని. రెండోది వాళ్ల పోతాది. మూడోది, ఆ గల్లీ చివర ఉండే గోండు పెద్దాయన ఒప్పుకుంటే, ఆయనది. ముందు ఆయన దగ్గర కూర్చుని, ఆ కాగితంలో ఏం రాయాలో అడిగి, ఆయన చెప్పినట్టు దిద్దుకుని వస్తాను.